యోగ్యానుపలబ్ధి: డిజిటల్ లేఖ్యనిధులలో అన్వేషణము, వడపోత

భూతలమున ఘటము లేదని యెట్లు తెలియును? ప్రమాణశాస్త్రమున ఇది పాతప్రశ్న. భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని ఆఱవ ప్రమాణముగా అంగీకరించిరి. నైయాయికులు దానిని వేఱొక ప్రమాణముగా ఒప్పుకొనక, అభావమును సైతము ప్రత్యక్షముచేతనే గ్రహింతుమనిరి. ఐనను ఒక నియమమున ఉభయపక్షములకును భేదము లేదు. కనబడకపోవుట మాత్రమే అభావమునకు సాధకము కాదు. కనబడుటకు యోగ్యమైనది కనబడకపోవలెను. ఘటమే ఇచట ఉండినయెడల భూతలము వలె అదియు కనబడియుండెడిదని తర్కించుటకు వీలున్నపుడే అనుపలబ్ధి ప్రమాణమగును. చీకటిగదిలో కుండ కనబడలేదన్నచో తెలిసినది కుండ లేమి కాదు, దీపము లేమి. ధర్మాధర్మములు ఆత్మయందు కనబడకున్నను వాని అభావము సిద్ధింపదు. అవి ప్రత్యక్షయోగ్యములే కావు గదా. వేదాంతపరిభాషను పాఠము చెప్పు అధ్యాపకులకు ఇందేదియు క్రొత్తమాట కాదు.

ఈ పాతనియమము మన పరిశోధకులకు నేడు నిత్యమును అవసరపడుచున్నది. తాళపత్రసూచులు, శాసనపాఠములు, ప్రభుత్వలేఖ్యములు డేటాబేసులు అనబడు దత్తాంశనిధులలోనికి చేరినవి. 2003లో ప్రారంభమైన జాతీయ పాండులిపి మిషన్ 'కృతిసంపద' యను పేర లిఖితప్రతుల సూచిని నిర్మించినది. భారత జాతీయ అభిలేఖాగారము 2015లో 'అభిలేఖ్ పటల్' అను అన్వేషణద్వారమును తెఱచినది. 2025-26 కేంద్ర బడ్జెట్టునందు ప్రకటింపబడిన జ్ఞానభారతం మిషన్ కోటికి మించిన ప్రతుల సర్వేక్షణమును, సంరక్షణమును ఉద్దేశించినది. పూర్వము తంజావూరునకో, మదరాసునకో పోయి సూచీగ్రంథములు తిరుగవేసినగాని తెలియని విషయము ఇపుడు గదిలో కూర్చుండి అడుగవచ్చును. మంచిదే. కాని అడిగినపుడు తెరపై 'ఫలితములు లేవు' అని వచ్చినచో, దానినుండి మనము ఏమి నిర్ణయింపవచ్చును? సిద్ధాంతవ్యాసములలో 'ఈ వ్యాఖ్యకు తెలుగు లిపిలో ప్రతులు లేవు', 'ఈ గ్రామమును గూర్చి 19వ శతాబ్దిలో లేఖ్యములు లేవు' అను వాక్యములు ఎక్కువగుచున్నవి. వానిలో ఎన్ని యోగ్యానుపలబ్ధులు, ఎన్ని చీకటిగదిలోని కుండలు అని విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

దోషమును పరులయందు చూపుటకు ముందు నాయందు చూపుట న్యాయము. ఒక సదస్సులో అమరకోశవ్యాఖ్య యొకదానిని గూర్చి ప్రసంగించుచు, ఫలానా సూచిలో దానికి ప్రతి యొక్కటియు లేదని నేను ధైర్యముగా చెప్పితిని. విరామసమయమున ఒక యువ అధ్యాపకుడు తన యంత్రమును నాముందు పెట్టి, భాష యను వడపోతలో నేను 'తెలుగు'ను ఎన్నుకొంటినని చూపెను. దానిని తొలగింపగనే ప్రతులు వరుసగా కనబడినవి. వ్యాఖ్య సంస్కృతమున ఉన్నది. లిపి మాత్రము తెలుగు. సూచీకర్త భాషకు ఒక గడియు, లిపికి ఒక గడియు వేఱువేఱుగా నిర్మించి తనపని సక్రమముగనే చేసినాడు. లిపిని అడుగవలసినచోట భాషను అడిగినది నేను. ప్రాచ్యకళాశాలలలో చదువుకొన్న మనకు ఈ పొరపాటు సహజము. తెలుగు లిపిలో సంస్కృతమును చదువుట మనకు ఎంత అలవాటనగా రెండును ఒక్కటే యనిపించును. యంత్రమునకు అట్లు అనిపింపదు.

యంత్రము చూచునది శబ్దము కాదు, అర్థము అంతకంటెను కాదు. వర్ణసంకేతముల వరుస మాత్రమే. 'ఎచ్చెర్ల' అను పేరును చూడుడు. మన కంటికి అందు మూడు అక్షరములు. యూనికోడు లెక్కలో ఎనిమిది సంకేతములు: ఎ, చ, పొల్లు, మఱల చ, ఎత్వము, ర, మఱల పొల్లు, ల. సూచీకర్త దీనిని 'ఎచ్చర్ల' అని వ్రాసియుండినచో ఎత్వము ఒక్కటి లోపించి ఏడే సంకేతములు మిగులును. ఆ రెండు రూపములును యంత్రదృష్టిలో రెండు పేర్లు. 'ఎచ్చ' అని అంతవఱకే వ్రాసి తరువాత నక్షత్రపు గుర్తు చేర్చినచో రెండును చిక్కును. ఆ గుర్తును అంగీకరించు దత్తాంశనిధులలో దానికి 'తరువాత ఏమున్నను సరే' అని అర్థము. ఆంగ్లలిపిలో చిక్కు మఱింత పెద్దది. ఇదే పేరును 'ఇ'తో మొదలుపెట్టువారు కలరు, 'వై'తో మొదలుపెట్టువారు కలరు; నడుమ 'టి' చేర్చువారు, చేర్చనివారు కలరు. ఈ నాలుగు రూపములను 'లేదా' యను సంయోజకముతో కలిపి ఒక్కమాఱే అడుగవలెను. ఒక్కరూపముతో వెదకి ఊరకుండుట ఒక్క కిటికీనుండి చూచి ఇంటిలో ఎవరును లేరనుట వంటిది.

తెలుగున విభక్తులవలన వచ్చు చిక్కు వేఱు. 'శ్రీకాకుళము' అని పూర్తిగా వ్రాసి వెదకినచో 'శ్రీకాకుళం', 'శ్రీకాకుళపు', 'శ్రీకాకుళానికి' అనునవి రావు. 'శ్రీకాకుళ' అను ప్రాతిపదికభాగముతో వెదకినచో అన్నియు వచ్చును. కాని ఈ ఉపాయము ఔపవిభక్తికములందు పనిచేయదు. 'ఏరు' అని వెదకువానికి 'ఏటి' దొరకదు. 'ఊరు' అని వెదకువానికి 'ఊళ్లు' దొరకవు. 'ఇల్లు'నకు 'ఇంటి' దొరకదు. అచట ప్రతిరూపమును విడిగా చేర్చవలెను. బాలవ్యాకరణము చదివినవానికి ఈ రూపముల పట్టికను వ్రాసికొనుట గడియసేపటి పని. ఈ విషయమున మన విద్యార్థి యంత్రవిద్యార్థికంటె ముందున్నాడని చెప్పుటకు నేను సంకోచింపను.

పాతముద్రణములలోని అరసున్నలును, శకటరేఫములును ఈ కోవలోనివే. 'చెరువు' వేఱు, 'చెఱువు' వేఱు. సంస్కృతపాఠములందు 'గంగ' యనియు 'గఙ్గ' యనియు రెండు లేఖనపద్ధతులు కలవు. ఒకదానితో వెదకినచో రెండవది రాదు. శాసనములందు రేఫమునకు పిమ్మట హల్లును ద్విత్వముగా చెక్కుట పరిపాటి. ఇందొక సూక్ష్మమున్నది. 'వర్మ' అని వెదకినపుడు, పదభాగమును కూడ పట్టుకొను విధానమైనచో 'వర్మ్మ' యనునది చిక్కును. ఏలయన మొదటి రూపపు సంకేతములు రెండవదానిలో వరుసగా ఉన్నవి. పూర్ణపదమునే పట్టుకొను విధానమైనచో చిక్కదు. 'అర్ధ' మనునదానికి 'అర్ద్ధ' మాత్రము ఏ విధానమునను చిక్కదు. రేఫమునకును ధకారమునకును నడుమ దకారము వచ్చి వరుస తెగినది. కావున ఒక దత్తాంశనిధిని క్రొత్తగా ఆశ్రయించినపుడు, అందు ఉన్నదని మనకు ముందే తెలిసిన శాసనము నొకదానిని ఎన్నుకొని, అది ఏయే రూపములకు పలుకునో పరీక్షించి చూడవలెను. ఇదియే దీపమును వెలిగించుట. ఉన్నదానిని చూపలేని అన్వేషణము లేనిదానిని గూర్చి సాక్ష్యము పలుకజాలదు.

ఇక స్థలనామములకు వచ్చుదము. ఉత్తరాంధ్రపరిశోధకునకు అన్నిటికంటె ఎక్కువ నష్టము కలుగుచున్నది ఇచటనే.

2008లో ఎచ్చెర్ల కేంద్రముగా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఏర్పడినది. శ్రీకాకుళప్రాంతపు స్థానికచరిత్రలను పరిశోధింపదలచిన విద్యార్థి మొదట చేయునది జిల్లా యను వడపోతలో 'శ్రీకాకుళము'ను ఎన్నుకొనుట. ఆ క్షణముననే 1950వ సంవత్సరమునకు పూర్వపు లేఖ్యములలో పెక్కింటికి తలుపు మూసికొనును. శ్రీకాకుళము జిల్లాగా ఏర్పడినది 1950 ఆగస్టు 15న. అంతకుముందు శ్రీకాకుళపట్టణము విశాఖపట్టణము జిల్లాలో ఉండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువఱకు అది గంజాం జిల్లాలోనిది. ఆ కాలపు ఆంగ్లలేఖ్యములలో పట్టణమునకు 'చికకోల్' అని పేరు. జనులు 'సిక్కోలు' అందురు. కావున 1890 నాటి కాగితమును వెదకువాడు గంజాం జిల్లాయని, చికకోల్ అని అడుగవలెను. ఆ కాగితము మదరాసు రాజధాని రెవెన్యూ బోర్డు వ్యవహారములలో చేరియుండినచో చెన్నైలో ఉండును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువఱకు క్రొత్త శ్రీకాకుళము జిల్లాయు మదరాసు రాష్ట్రములోనిదే కదా. రాష్ట్రము అను గడిలో 'ఆంధ్రప్రదేశ్' అని ఎన్నుకొన్నవానికి ఇవి ఏవియు కనబడకపోవచ్చును.

జిల్లాల హద్దులు అటుపిమ్మటను నిలువలేదు. 1979 జూన్ 1న విజయనగరము జిల్లా ఏర్పడినపుడు శ్రీకాకుళము జిల్లానుండి కొన్ని తాలూకాలు అందు చేరినవి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము జిల్లా ఏర్పడి పాలకొండ అందులోనికి పోయినది. పాలకొండను గూర్చిన లేఖ్యమును ఒక సూచీకర్త నమోదు చేసిన సంవత్సరమును బట్టి శ్రీకాకుళములోనైనను ఉంచియుండవచ్చును, మన్యములోనైనను ఉంచియుండవచ్చును. లేఖ్యమందలి మాటనే అనుసరించినవాడైనచో విశాఖపట్టణములో ఉంచియుండును. మండలము అను వడపోత మఱియు ప్రమాదకరము. ఆంధ్రప్రదేశమున మండలవ్యవస్థ వచ్చినది 1985లో. అంతకుముందటి రెవెన్యూ లేఖ్యములకు తాలూకాయే ఉండును. 'ఎచ్చెర్ల మండలము' అని వడపోసినవాడు 1985కు ముందటి ఎచ్చెర్లను తనకు తానే తొలగించుకొన్నవాడగును. నాగావళికి దక్షిణపుటొడ్డున ఉన్న ఊళ్లకు గంజాం, విశాఖపట్టణములను రెండింటిని అడుగుట క్షేమము. ఆ నదినే 'లాంగుల్య' అనియు వ్యవహరించిరి గావున ఆ పేరును కూడ చేర్చవలెను.

ఇది పేర్లు ఎక్కువై వచ్చిన చిక్కు. పేరు ఒక్కటియై స్థలములు రెండైనపుడు వచ్చునది దీనికి విపర్యయము. శ్రీకాకుళము మఱొకటి కృష్ణాతీరమున కలదు. ఆంధ్రమహావిష్ణువు వెలసినది, ఆముక్తమాల్యద పుట్టుకతో ముడివడినది ఆ శ్రీకాకుళము. పేరు మాత్రము ఆధారముగా వెదకినచో దాని శాసనములును సిక్కోలు కాగితములును కలగలసి వచ్చును. అపుడు కొందఱు 'కాదు' అను సంయోజకమును ప్రయోగించి, 'కృష్ణా' అను మాటగల నమోదులను త్రోసివేయుదురు. ఈ పని ఎంతటి అనర్థమో చూడుడు. ఆంగ్లలిపిలో కృష్ణా నదికిని కృష్ణుడను పేరునకును భేదము లేదు. ఆ మాటతో ఏ దాత పేరున్నను, కృష్ణదేవరాయల ప్రసక్తి యున్నను, కృష్ణపక్షము అను తిథిభాగమున్నను ఆ నమోదు మాయమగును. మాయమైనవి ఎన్నియో యంత్రము చెప్పదు. నా అభిప్రాయమున, పరిశోధకుడు 'కాదు' అను సంయోజకమును తుదిదశలో తప్ప వాడరాదు; వాడినను, త్రోసివేసినవానిని వేఱుగా పిలిచి ఒకమాఱు కన్నులతో చూడవలెను. అచ్యుతాపురమును గూర్చియు ఇదే మాట. ఇంద్రవర్మ యొక్క 87వ సంవత్సరపు తామ్రశాసనము దొరకిన అచ్యుతాపురము ముఖలింగసమీపములోనిది, ఆనాటి గంజాం జిల్లాలోనిది. నేడు ఆ పేరు చెప్పగనే అందఱికిని తోచునది అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురము.

వడపోతల స్వభావమును గూర్చి ఇంకొక మాట వివరముగా చెప్పవలసియున్నది. వడపోత నిజముగా లేఖ్యములను పరిశీలింపదు. సూచీకర్త నింపిన గడులను మాత్రము పరిశీలించును. గడి ఖాళీగా ఉన్న నమోదు ఏ వడపోతకును లొంగదు. తెలుగు లిపిని ఎన్నుకొన్నను రాదు, దేవనాగరిని ఎన్నుకొన్నను రాదు. లిపి తెలియదని విడిచిన ప్రతి, లిపి లేని ప్రతితో సమానమైపోవును. దీనిని పట్టుకొనుటకు సులభమైన ఉపాయమొకటి కలదు. పెక్కు దత్తాంశనిధులలో ప్రతి యెంపికప్రక్కను ఒక సంఖ్య కనబడును. అది ఆ యెంపికకు చెందిన నమోదుల లెక్క. ఒక గ్రంథనామముతో వెదకగా మొత్తము 140 ఫలితములు వచ్చినవనుకొందము. లిపి యను శీర్షికక్రింద తెలుగు 52, దేవనాగరి 31, గ్రంథలిపి 20 అని ఉన్నవనుకొందము. వీని మొత్తము 103. మిగిలిన 37 నమోదులకు లిపిగడి నింపబడలేదన్నమాట. ఇట్టిచోట 'తెలుగు లిపి ప్రతులు 52' అని వ్రాయుట తప్పు. '52కు తక్కువ కావు, 37 ప్రతుల లిపి సూచిలో నమోదు కాలేదు' అని వ్రాయుట ఒప్పు. ఒకే ప్రతికి రెండు లిపులు నమోదైయుండినచో మొత్తము 140ని మించవచ్చును, లేదా ఖాళీలను కొంత కప్పిపుచ్చవచ్చును. కాబట్టి వ్యత్యాసము కనబడనంతమాత్రమున ఖాళీలు లేవనుటకును వీలులేదు. ఒక పుట ఫలితములనైనను తెఱచి గడులు ఎట్లు నింపబడినవో చూచుట మేలు.

దీనినుండి క్రమము ఒకటి ఏర్పడును. మొదట వడపోతలు ఏవియు లేక విశాలముగా వెదకవలెను. మొత్తము సంఖ్యను వ్రాసికొనవలెను. పిమ్మట ఒక్కొక్క వడపోతను వేసి, ఒక్కొక్కటివలన ఎన్ని తగ్గినవో గమనింపవలెను. రెండు మూడు వడపోతలను ఒక్కసారి వేసినచో ఏది దేనిని త్రోసివేసినదో తెలియదు. వెనుకటి వడపోత తొలగింపక క్రొత్త మాటతో వెదకుట విద్యార్థులలో తఱచుగా కనబడు పొరపాటు. అనుభవజ్ఞులలోనని కూడ చెప్పవలసియున్నది. సదస్సులో నాకు జరిగినది అదియే.

గ్రంథనామముల విషయము మనవారికి సుపరిచితమే గావున క్లుప్తముగా చెప్పెదను. అమరకోశమును సూచీకర్త 'నామలింగానుశాసనము' అని నమోదు చేసియుండవచ్చును. వ్యాఖ్యాసహితమైన ప్రతి మూలగ్రంథపు పేరనే ఉండవచ్చును, వ్యాఖ్యపేరనే ఉండవచ్చును. ఒకే తాళపత్రపు కట్టలో నాలుగైదు గ్రంథములున్నపుడు మొదటిదానికే నమోదు దక్కుట కలదు. అట్టి రెండవ, మూడవ గ్రంథములకు కట్టను విప్పి చూచుట తప్ప వేఱుపాయము లేదు.

కాలమును బట్టి వడపోయుటలోని చిక్కులు వినోదకరములు. శ్రీకూర్మమునందలి నరహరితీర్థుల ప్రసిద్ధశాసనము శకవర్షము 1203 నాటిది, క్రీస్తుశకమున 1281. దత్తాంశనిధిలో సంవత్సరము అను గడిలో సూచీకర్త 1203 అనియే వ్రాసియుండెననుకొనుడు. 1200 మొదలు 1300 వఱకు అని వడపోసినవానికి ఆ శాసనము దొరకును. తప్పుదారిన వచ్చినను సరియైన ఇల్లే చేరినట్లు! కాని అదే సూచీకర్త శకవర్షము 1140 నాటి శాసనమునకు 1140 అనియే వ్రాసియుండినచో, 1218 నాటిదైన ఆ శాసనము ఈ వడపోతలో రాదు. జమీందారీ, ఇనాము కాగితములలో ఫసలీ సంవత్సరములుండును. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1300 అనగా 1890-91. మార్పులేక నమోదైనచో బ్రిటిషుకాలపు శిస్తుకాగితము గంగరాజుల శాసనముల నడుమ వచ్చి కూర్చుండును. అది నవ్వు తెప్పించును గావున హాని లేదు. 19వ శతాబ్దియని వడపోసినవానికి అది రాకపోవుటయే హాని.

తొలి గంగరాజుల తామ్రశాసనములందు గాంగశకమున్నది. దాని ప్రారంభమును క్రీస్తుశకము 496-498 ప్రాంతమున ఉంచుదురు. పైన చెప్పిన అచ్యుతాపురశాసనపు 87వ సంవత్సరము ఈ లెక్కన 6వ శతాబ్ది చివరిపాదమునకు వచ్చును. సూచిలో '87' అని ఉన్నదో, '6వ శతాబ్ది' అని ఉన్నదో, ఏమియు లేదో ముందుగా ఊహింపజాలము. ఇక అంకసంవత్సరముల పద్ధతి యున్నది. తరువాతి గంగ, గజపతిరాజుల రాజ్యవర్షగణనలో మొదటి సంవత్సరమును 2 అని లెక్కింతురు; 6ను, 6తో అంతమగు సంఖ్యలను, 10 తప్ప సున్నతో అంతమగు సంఖ్యలను విడిచిపెట్టుదురు. ఈ లెక్కన 21వ అంకము 17వ రాజ్యవర్షమగును. ఏ యంత్రమును తనంతట ఈ గణనము చేయదు. కావున శాసనములను వెదకునపుడు కాలమును వడపోతగా వాడక, రాజనామముతోను క్షేత్రనామముతోను వెదకి, వచ్చినవానిని మనమే కాలక్రమమున పేర్చుకొనుట ఉత్తమము.

క్షేత్రనామమనగా ఏ పేరు? ఇచట గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. 1863లో ముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, ఆయన ముఖలింగాలయశాసనములను స్వయముగా చదివి, తొలి గంగుల తామ్రశాసనములందు పేర్కొనబడిన కళింగనగరము ఆ ముఖలింగమే యని వాదించిరి. వాడుకభాషోద్యమనాయకుని గ్రాంథికమున స్మరించుట ఆయనకు నవ్వు పుట్టించునేమో గాని, ఆయన చేసిన పనిని గమనింపుడు. తామ్రశాసనములలో 'కళింగనగర' మని మాత్రమే ఉండును. ముఖలింగమని వెదకినవానికి ఆ శాసనముల మూలపాఠములు పలుకవు. ఆ రెండు పేర్లకును గల సంబంధము వర్ణములలో లేదు; ఒక పండితుని నిర్ణయములో ఉన్నది. సంపాదకుడు పీఠికలో దానిని వ్రాసి, ఆ పీఠిక కూడ అన్వేషణమునకు లోనైయున్నపుడే యంత్రము ఆ నిర్ణయమును మనకు అందింపగలదు. అట్లు కానిచోట వెదకువాడే ముందుగా తెలిసికొనియుండవలెను. అందుచేత మూలపాఠమున వెదకుటయు, వివరణమున వెదకుటయు రెండు వేఱు పనులని గుర్తించి, దత్తాంశనిధి ఏది చేయుచున్నదో దాని సహాయపుటను చదివి తెలిసికొనవలెను.

ముద్రితసంపుటముల విషయమున మఱొక అడ్డు కలదు. ముఖలింగ, శ్రీకూర్మశాసనములు దక్షిణభారతశాసనముల ఐదవ సంపుటమునను, సింహాచలశాసనములు ఆఱవదానను ఉన్నవి. పాఠములు తెలుగు లిపిలో ముద్రితములు. ఇట్టి పుటల ఛాయాచిత్రములనుండి అక్షరములను యంత్రము తానే గుర్తించినపుడు థ-ధలకును, ప-వలకును, మ-యలకును తారుమారు కలుగును. వత్తులు జాఱిపోవును. 'ధర్మ' యని వెదకినపుడు 'థర్మ' యనియు వెదకుట ఇచట అపశబ్దప్రయోగము కాదు, వివేకము. అను ఫాంటులవంటి పాతలిపులలో కూర్చిన పుటలైనచో తెరపై చక్కని తెలుగు కనబడుచున్నను లోపల యూనికోడు సంకేతములు ఉండవు. ఎంత వెదకినను ఒక్క మాటయు దొరకదు. ఒక పుటనుండి తెలుగు మాటను నకలుచేసి అన్వేషణపుగడిలో అతికించి చూచినచో సంగతి వెంటనే తేలును.

ఇంతయు చేసిన పిమ్మటను ఏమియు దొరకనిచో, అపుడు ఆ లేమికి ప్రమాణత్వము కొంత సిద్ధించును. కాని చదువరికి దానిని నమ్ముటకు ఆధారము కావలెను. గ్రంథమును ఉదాహరించునపుడు ప్రచురణసంవత్సరము, పుటసంఖ్య ఇచ్చుచున్నాము. అన్వేషణమును మాత్రము ఉత్తచేతులతో ఉదాహరించుచున్నాము. దత్తాంశనిధి గ్రంథము వలె స్థిరము కాదు. నమోదులు చేరుచుండును, గడులు నింపబడుచుండును. ఈ యేట లేనిది వచ్చే యేట ఉండవచ్చును. కావున 'లభింపలేదు' అని వ్రాయు ప్రతిచోటను అధోజ్ఞాపికలో ఐదు విషయములుండవలెనని నా సూచన: వెదకిన దత్తాంశనిధి పేరు, వెదకిన తేదీ, వెదకిన రూపములన్నియు, వేసిన వడపోతలు, వడపోతకు ముందు వచ్చిన మొత్తము సంఖ్య. పర్యవేక్షకులు సిద్ధాంతవ్యాసములందు దీనిని తప్పనిసరి చేయవచ్చును. ఇందులకు ఏ పరికరమును కొననక్కఱలేదు, ఒక నోటుపుస్తకము చాలును.

ఉదాహరణకు ఎచ్చెర్లలోని ఒక దేవాదాయ ఇనామును గూర్చి వెదకిన విద్యార్థి ఇట్లు వ్రాయవలెను: 'ఎచ్చెర్ల, ఎచ్చర్ల అను తెలుగు రూపములతోను, నాలుగు ఆంగ్లరూపములతోను, ఇనాము, మాన్యము, అగ్రహారము అను మాటలను ఒక్కొక్కటిగా జోడించియు వెదకితిని. జిల్లా, మండల వడపోతలు వేయలేదు. గంజాం, విశాఖపట్టణము, శ్రీకాకుళము మూడును చూచితిని. సంవత్సరపు వడపోత వేయక ఫసలీ సంఖ్యలను చేతితో పరిశీలించితిని. 1950కి పూర్వపు నమోదు కనబడలేదు.' ఇట్టి వాక్యమును మఱొకడు వచ్చి ఖండింపవచ్చును, ఏ రూపము విడిచితివని అడుగవచ్చును, తాను ఇంకొక రూపముతో వెదకి చూడవచ్చును. 'లేఖ్యములు లేవు' అను రెండు మాటలను ఖండించుటకు మాత్రము ఎవరికిని ఆధారము చిక్కదు.